పుస్తకంలో ఉందా? సినిమాలో ఉందా? – దసరా సెలవుల్లో పిల్లలతో కలిసి చేసే ఒక పాఠం



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. పీటీఎం రోజున ఇంగ్లిష్ టీచర్ టేబుల్ దగ్గర నేను ఎక్కువగా వినే మాటలు రెండు. ఒకటి: “మా వాడు పుస్తకం ముట్టుకోడు మేడం, సెలవులొస్తే పొద్దస్తమానం సినిమాలే.” రెండోది: “ఆ సినిమా చూసేసింది కదా మేడం, మళ్లీ అంత లావు పుస్తకం చదవడం ఎందుకు? ఆ టైంలో నాలుగు లెక్కలు చేసుకుంటుంది కదా!”

ఈ రెండింటికీ కలిపి ఒకే పని చెబుతాను. సినిమా మానిపించనక్కర్లేదు. పిల్లలు ఇష్టంగా చూసే ఫాంటసీ సినిమానే తీసుకుని, అది ఏ కథ నుంచి వచ్చిందో ఆ కథ పక్కన పెట్టి చూడటం నేర్పిద్దాం. సినిమా మూలానికి ఎంతవరకు కట్టుబడి ఉంది? ఏం మార్చారు? ఎందుకు మార్చారు? ఇదే ఈ నెల పాఠం.

ఇది కాలక్షేపం కోసం చెబుతున్నది కాదు. మొన్న ఎనిమిదో తరగతి లైబ్రరీ పీరియడ్‌లో ‘మాయాబజార్’ ప్రస్తావన వచ్చింది. ఒక అబ్బాయి లేచి, “శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదని ఒక వీడియోలో చెప్పారు మేడం. మా తాతయ్య ఉందంటారు. మరి తాతయ్య చెప్పింది అబద్ధమా?” అని అడిగాడు. ఆ అబ్బాయి అడిగింది సినిమా గురించి మాత్రమే కాదు. ఎవరి మాట నమ్మాలి అని అడిగాడు. రోజుకు వంద వీడియోలు, ఫార్వర్డ్‌లు చూసే మన పిల్లలందరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దానికి జవాబు చెప్పే ముందు, చిన్న పిల్లలకు కూడా తెలిసిన కథతో మొదలుపెడదాం.

మోగ్లీతో మొదలు

‘జంగిల్ బుక్’ పేరు వినని పిల్లలు మన స్కూల్లో లేరు. రడ్‌యార్డ్ కిప్లింగ్ ఈ పుస్తకాన్ని 1894లో ప్రచురించారు. కథ జరిగేది మధ్య భారతంలోని సియోనీ అడవుల్లో. డిస్నీ వాళ్ల కార్టూన్ సినిమా 1967లో వచ్చింది. అదే సంస్థ 2016లో మళ్లీ కొత్తగా తీసింది.

మీ పాపను “కా అనే కొండచిలువ మంచిదా, చెడ్డదా?” అని అడిగి చూడండి. సినిమా చూసిన పిల్లలు “చెడ్డది, మోగ్లీని మింగాలని చూస్తుంది” అంటారు. పుస్తకం చదివిన పిల్లలు “కోతుల నుంచి మోగ్లీని కాపాడింది కదా!” అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పుస్తకంలో కా మోగ్లీ పక్షాన నిలబడుతుంది. 1967 సినిమాలో శత్రువైంది.

బాలూ ఎలుగుబంటి సంగతీ అంతే. సినిమాలో పని లేకుండా పాడుకుంటూ తిరిగే సరదా నేస్తం. పుస్తకంలో అడవి చట్టాన్ని వల్లె వేయించే కఠినమైన మాస్టారు. ఇక కోతుల రాజు లూయీ పుస్తకంలో అసలు లేడు. పుస్తకంలో కోతులకు రాజే ఉండడు, క్రమశిక్షణ లేని గుంపు అనే కదా వాటికి చెడ్డ పేరు! పైగా సినిమాలో లూయీ ఒక ఒరాంగుటాన్. ఆ జంతువు భారతదేశపు అడవుల్లో ఉండదు. 2016 సినిమాలో లూయీని ఎప్పుడో అంతరించిపోయిన జైగాంటోపిథెకస్ అనే పెద్ద వానరంగా మార్చారు. చూశారా, ఇంగ్లిష్ పాఠం జువాలజీ దగ్గరికి వచ్చింది!

ఇక్కడ టీచర్‌గా ఒక మాట చెప్పాలి. బుక్ రివ్యూ రాయమంటే సినిమా చూసి రాసే పిల్లలు ఉంటారు. కాను విలన్ అని రాయగానే మాకు తెలిసిపోతుంది. రెండు మార్కులు పోవడం పెద్ద విషయం కాదు. చదవని దాన్ని చదివానని రాయడం అలవాటైతే అది పెద్ద విషయం.

నాలుగు గళ్ల పట్టిక

క్లాసులో మేం వాడే పద్ధతి చాలా తేలిక. నోట్‌బుక్‌లో ఒక పేజీని నాలుగు గళ్లుగా విడగొట్టండి.

1. ఉంచినవి – పుస్తకంలో ఉన్నట్టే సినిమాలో ఉన్నవి.
2. వదిలేసినవి – పుస్తకంలో ఉండి సినిమాలో లేనివి.
3. మార్చినవి – రెండింటిలోనూ ఉన్నా వేరేలా ఉన్నవి.
4. చేర్చినవి – పుస్తకంలో లేకుండా సినిమాకోసం కొత్తగా పుట్టినవి.

జంగిల్ బుక్‌కు ఈ పట్టిక వేస్తే మోగ్లీని తోడేళ్లు పెంచడం, షేర్ ఖాన్ పగ మొదటి గడిలోకి వస్తాయి. కా, బాలూ మూడో గడిలోకి, రాజు లూయీ నాలుగో గడిలోకి వెళ్తారు. రెండో గడి నింపాలంటే మాత్రం పుస్తకం చదవక తప్పదు. సినిమాలో ఏం లేదో సినిమా చూస్తే తెలియదు కదా! పిల్లల చేత పుస్తకం తెరిపించేది ఈ రెండో గడే. “చదువు, చదువు” అని మనం పదిసార్లు చెప్పే బదులు ఈ ఖాళీ గడి ఒక్కసారి చెబుతుంది.

ఎందుకు మారుస్తారు?

పట్టిక నిండాక పిల్లలు వెంటనే తీర్పు చెప్పేస్తారు: “సినిమా వాళ్లు పాడు చేశారు మేడం!” అక్కడ ఆపకండి. మార్చడానికి కారణం ఏమై ఉంటుందో ఆలోచింపజేయండి. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి.

సమయం: ‘హ్యారీ పోటర్’ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అందులో 17 అధ్యాయాలు. 2001లో వచ్చిన సినిమా రెండున్నర గంటలు. ఆ పుస్తకాన్ని పైకి చదివితే రెండున్నర గంటల్లో సగం కూడా పూర్తి కాదు. అందుకే కొన్ని పోయాయి. స్కూల్లో అల్లరి చేసే పీవ్స్ అనే భూతం పుస్తకాల్లో ఉన్నా సినిమాల్లో ఎక్కడా కనిపించదు. మొదటి పుస్తకం చివర్లో సీసాల పొడుపుకథ ఒకటి ఉంటుంది. మంత్రం అక్కర్లేకుండా కేవలం తర్కంతో హర్మయొనీ దాన్ని విప్పుతుంది. సినిమాలో అది లేదు. మ్యాథ్స్ ఇష్టపడే పిల్లలకు ఈ పేజీలు తప్పక చూపించండి.

వ్యాపారం: ఏడు హ్యారీ పోటర్ పుస్తకాలు ఎనిమిది సినిమాలయ్యాయి, చివరి పుస్తకాన్ని రెండు భాగాలు చేశారు. టోల్కీన్ 1937లో రాసిన ‘ది హాబిట్’ ఒక్క పుస్తకమే. 2012, 2013, 2014లలో అది మూడు సినిమాలుగా వచ్చింది. అంటే కుదించడమే కాదు, సాగదీయడం కూడా ఉంటుంది. ఆ సాగిన చోటును నింపడానికి పుస్తకంలో లేని టౌరియెల్ అనే పాత్రను పుట్టించారు. ఈ పుస్తకంలో కనిపించని లెగొలాస్‌ను కూడా తీసుకొచ్చారు.

కంటికి కనిపించే అందం: ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ కథలో డొరోతీ వేసుకునేవి వెండి చెప్పులు. 1939 సినిమాలో అవి ఎర్రని కెంపుల చెప్పులయ్యాయి. అప్పటికి టెక్నికలర్ ఒక పెద్ద వింత. తెర మీద వెండి కంటే ఎరుపు ధగధగా మెరుస్తుంది. ఇది చిన్న మార్పు. అదే సినిమాలో పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. పుస్తకంలో ఓజ్ నిజంగా ఉన్న దేశం. సినిమాలో అదంతా డొరోతీ కన్న కలగా ముగుస్తుంది. చెప్పుల రంగు మారితే కథకు ఏం కాలేదు. కల అని తేల్చేస్తే మాత్రం కథ అర్థమే మారిపోయింది. పిల్లలకు ఈ తేడా పట్టుకోవడం వస్తే సగం పాఠం వచ్చినట్టే.

సాధ్యాసాధ్యాలు: పుస్తకంలో హ్యారీ కళ్లు అమ్మ కళ్లలా ఆకుపచ్చగా ఉంటాయి. సినిమాలో నటుడి కళ్లు నీలం. రంగు లెన్సులు పెడితే ఆ అబ్బాయి కళ్లకు పడలేదు. సినిమా చేసేవాళ్లు కూడా మనుషులే, షూటింగ్‌లో పిల్లల ఆరోగ్యం కూడా చూడాలి!

మన ‘మాయాబజార్’ సంగతి

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు. కెమెరా మార్కస్ బార్‌ట్లీ. కృష్ణుడిగా ఎన్టీఆర్, అభిమన్యుడిగా ఏఎన్నార్, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు. తెలుగువాళ్లలో భారతం గురించి చాలామందికి మొదట గుర్తొచ్చే దృశ్యాల్లో ఈ సినిమావి తప్పకుండా ఉంటాయి.

అయితే వ్యాస భారతంలో శశిరేఖ లేదు. నన్నయ, తిక్కన, ఎర్రన తెలుగు చేసిన భారతంలోనూ ఆమె పెళ్లి కథ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడేది విరాటరాజు కూతురు ఉత్తరను. కాబట్టి వీడియోలో చెప్పింది నిజమే.

మరి తాతయ్య? ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు. శశిరేఖా పరిణయం చాలా ఏళ్లుగా జనం చెప్పుకున్న కథ. ఊరూరా నాటకంగా ఆడారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలు ‘మాయాబజార్’ను తరతరాలుగా ప్రదర్శిస్తూ వచ్చాయి. వారి కాలనీ ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే, శేరిలింగంపల్లిలో ఉంది. 1957కి ముందే తెలుగులో ఇదే కథతో సినిమా కూడా వచ్చింది. తాతయ్యకు ఈ కథ వ్యాసుడి దగ్గర్నుంచి రాలేదు. నాటకం నుంచి, సినిమా నుంచి, వాళ్ల అమ్మ చెప్పగా వచ్చింది. ఆయన కథ ఎక్కడ దొరికిందో ఆ చోటు వేరు, అంతే. క్లాసులో ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇది: “తాతయ్య దగ్గరికి వెళ్లి ‘మీరు చెప్పింది తప్పు’ అనకు. ‘ఈ కథ మీరు మొదట ఎక్కడ విన్నారు తాతయ్యా?’ అని అడుగు.” అలా అడిగితే ఇంట్లో గొడవ రాదు, ఒక కథ వస్తుంది.

ఇంకాస్త లోతుకు వెళ్లి మన నాలుగు గళ్ల పట్టిక వేస్తే ఒక చక్కని విషయం తెలుస్తుంది. పాండవులు అడవికి వెళ్లినప్పుడు సుభద్ర, అభిమన్యుడు ద్వారకలో ఉన్నారని వ్యాసుడు చెప్పాడు. ఘటోత్కచుడు తలచుకోగానే వచ్చి సాయం చేస్తాడనీ చెప్పాడు. అరణ్యపర్వంలో నడవలేని ద్రౌపదిని మోసుకెళ్లింది అతనే. అతనికి మాయలు తెలుసనీ చెప్పాడు. ఇవన్నీ ‘ఉంచినవి’ గడిలోకి వస్తాయి. అరణ్యవాసపు 12 ఏళ్లలో ద్వారకలో ఆ తల్లీకొడుకుల జీవితం ఎలా గడిచిందో వ్యాసుడు వివరంగా చెప్పలేదు. ఆ ఖాళీలో మనవాళ్లు ఒక పెళ్లి కథను నాటారు. మూలంలో ఉన్న ఏ ముఖ్యమైన సంగతినీ అది చెరపలేదు. ఘటోత్కచుడి స్వభావాన్ని కూడా మార్చలేదు. తనవాళ్లకు కష్టం వస్తే వచ్చి నిలబడేవాడే ఇక్కడ కూడా వచ్చి నిలబడ్డాడు.

‘వదిలేసినవి’ గడి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇంత పెద్ద భారత కథలో పాండవులు ఐదుగురూ తెర మీద కనిపించరు! ఈసారి సినిమా చూసేటప్పుడు పిల్లలకు ముందుగా చెప్పకండి. చివర్లో “ఇందులో ఎవరు కనిపించలేదు?” అని అడగండి. చాలామంది పెద్దవాళ్లు కూడా ఆలోచనలో పడతారు. పాండవులు లేకపోవడం వల్ల కథ కృష్ణుడి తెలివి మీద, ఘటోత్కచుడి అల్లరి మీద నిలబడింది.

సినిమా మాత్రమే చేయగలిగే పని ఏమిటో కూడా ఇక్కడ చూపించవచ్చు. ఘటోత్కచుడు పెళ్లి భోజనం ఖాళీ చేసే దృశ్యంలో లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరి వెళ్తాయి. దాన్ని రాయాలంటే పేజీలు పట్టాలి. బార్‌ట్లీ కెమెరా కొన్ని క్షణాల్లో చూపించింది, అది కూడా కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో.

అన్ని ‘ఆధారాలూ’ ఒకటి కాదు

టైటిల్స్‌లో ‘ఆధారం’ అని కనిపించినా, ఇంటర్వ్యూల్లో ‘ప్రేరణ’ అని చెప్పినా, రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. పై తరగతుల పిల్లలకు ఈ మూడు తెలుగు ఉదాహరణలు చాలు.

‘పాతాళభైరవి’ (1951): మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలు. కాశీకి నడిచి వెళ్తూ దారిలో మజిలీ చేసిన చోటల్లా ఒక కథ చెప్పుకోవడం ఆ పుస్తకం పద్ధతి. సినిమా అందులోంచి ఒక కథను తీసుకుంది, ప్రయాణాన్ని, మజిలీలను వదిలేసింది. ప్రతిమ కోరికలు తీర్చడం చూస్తే అల్లాఉద్దీన్ దీపం కూడా గుర్తొస్తుంది. ఒక సినిమాకు రెండు మూడు చోట్ల నుంచి నీళ్లు అందవచ్చని పిల్లలకు ఇక్కడ చెప్పవచ్చు.

‘ఆదిత్య 369’ (1991): హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషీన్’ దీనికి ప్రేరణ. వెల్స్ కథానాయకుడు భవిష్యత్తులోకి, 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. సింగీతం శ్రీనివాసరావు తన కథానాయకుడిని ముందు వెనక్కి, 1526లో శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి పంపారు. తర్వాత 2504కి తీసుకెళ్లారు. యంత్రం వెల్స్‌ది, ప్రయాణం మనది. దీన్ని ‘టైమ్ మెషీన్ నవలకు సినిమా రూపం’ అంటే తప్పు అవుతుంది. ‘ఆ ఆలోచన నుంచి పుట్టిన కొత్త కథ’ అనాలి.

‘కల్కి 2898 ఏడీ’ (2024): ఇది మన పిల్లల్లో చాలామంది థియేటర్లో చూసిన సినిమా. అశ్వత్థామకు కృష్ణుడు శాపం ఇవ్వడం భారతంలో, సౌప్తికపర్వంలో ఉంది. అక్కడ శాపం 3,000 ఏళ్లు ఒంటరిగా తిరగమని. పుట్టబోయే కల్కికి తల్లిని కాపాడి పాపం కడుక్కోమని చెప్పడం సినిమా చేర్చింది. కల్కి పుట్టే చోటు శంభల అనేది పురాణాల్లో ఉంది. తల్లి పేరు సుమతి అనేది కల్కి పురాణంలో ఉంది. పేర్లు ఉంచి, కథ కొత్తగా అల్లారు. సినిమా చూసిన పిల్లలు ‘ఇదంతా భారతంలో ఉంది’ అనుకునే అవకాశం ఎక్కువ. అందుకే దీనికి పట్టిక తప్పక వేయించండి.

మన క్యాంపస్‌లోనే ఒక పాఠం ఉంది

తార్నాకలో ఉండే మనకు ఇంకో సౌకర్యం ఉంది. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. సెలవుల్లో ఒక రోజు పిల్లలను కూడా తీసుకెళ్లి ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబెట్టండి.

ఈ భవనాన్ని 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. కట్టే ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాల్లోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. డిజైన్ పనిలో బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ పాలుపంచుకున్నారు. పిల్లలతో స్తంభాలను, తోరణాలను విడివిడిగా చూడమనండి. స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహలను గుర్తు చేస్తాయి. పైన ఎత్తైన తోరణం మసీదులను, కోటలను గుర్తు చేస్తుంది. ఎల్లోరా స్తంభం ఎల్లోరాలో ఉన్నట్టే ఇక్కడ లేదు. కొలత మారింది, పని మారింది. అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో కన్ను గుర్తుపడుతుంది. ఒక కథ సినిమాలోకి వచ్చినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే అని అక్కడే, ఆ మెట్ల దగ్గరే చెప్పవచ్చు.

ఇదే యూనివర్సిటీ చరిత్రలో ఇంకొక సంగతి. 1918లో ఉర్దూ మీడియంలో మొదలైన ఉస్మానియా కోసం, దానికి ఒక ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెడిసిన్, చరిత్ర పుస్తకాలను ఇంగ్లిష్ నుంచి, ఇతర భాషల నుంచి ఉర్దూలోకి తెచ్చారు. ఒక్కో సాంకేతిక పదానికి ఏ మాట పెట్టాలో తేల్చడానికి పండితుల కమిటీలు కూర్చునేవి. అక్కడ ఒక సూత్రాన్ని తప్పుగా మారిస్తే డాక్టర్, ఇంజనీర్ తప్పు నేర్చుకుంటారు. కాబట్టి సైన్స్ పుస్తకంలో మూలానికి కట్టుబడటం అంటే ఒక అర్థం, కథలో కట్టుబడటం అంటే ఇంకో అర్థం. కథకు స్వేచ్ఛ ఉంది, సూత్రానికి లేదు. ఏది ఎక్కడ మార్చవచ్చో, ఎక్కడ మార్చకూడదో తెలియడం కూడా చదువులో భాగమే.

ఇంట్లో ఎలా చేయాలి?

• రోజుకు 20 నిమిషాలు చాలు. పది రోజుల్లో ఒక చిన్న పుస్తకం లేదా పెద్ద పుస్తకంలో నాలుగైదు అధ్యాయాలు పూర్తవుతాయి.

• వీలైతే పుస్తకం ముందు, సినిమా తర్వాత. పుస్తకం ముందు చదివితే హ్యారీ ముఖాన్ని, మోగ్లీ అడవిని పిల్లలు తమ మనసులో తామే గీసుకుంటారు. సినిమా ముందు చూస్తే నటుడి ముఖమే కనిపిస్తుంది. ఇప్పటికే సినిమా చూసేసి ఉంటే దిగులు అక్కర్లేదు. చదివే ముందు “నీకు గుర్తున్న ఐదు దృశ్యాలు రాయి” అనండి, తర్వాత పుస్తకంలో వెతకమనండి.

• మీకు ఇంగ్లిష్ అంతగా రాదని వెనకాడకండి. పాప ఇంగ్లిష్‌లో అధ్యాయం చదివి మీకు తెలుగులో చెప్పాలి. మీరు “తర్వాత ఏమైంది? ఎందుకలా చేశాడు?” అని అడగాలి. ఇంగ్లిష్‌లో చదివిన దాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అని పాపే నిర్ణయించుకుంటుంది. సినిమా డైరెక్టర్ చేసే పనే అది.

• మూడు ప్రశ్నలు అడగండి. ఏం మారింది? ఎందుకు మార్చి ఉంటారు? మార్చకుండా ఉంటే ఏమయ్యేది? మూడోదానికి ఒకే జవాబు ఉండదు. మీ జవాబు వేరు, పిల్లల జవాబు వేరు కావచ్చు. సరిదిద్దకండి, కారణం చెప్పమనండి.

• అమ్మమ్మ, నానమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే వాళ్లు కూడా కూర్చోవాలి. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ వాళ్లు ఎక్కడ, ఎవరితో చూశారో పిల్లలు అడిగి రాసుకోవాలి.

తరగతుల వారీగా సూచనలు ఇవి.

3 నుంచి 5 వరకు: ‘జంగిల్ బుక్’లో ఒక కథ, ఏదో ఒక సినిమా రూపం. పట్టికలో ‘మార్చినవి’ గడి ఒక్కటి నింపితే చాలు.

6, 7: ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ లేదా ‘మాయాబజార్’. నాలుగు గళ్లూ నింపాలి.

8 నుంచి 10 వరకు: ‘హ్యారీ పోటర్’ మొదటి పుస్తకం, లేదా ‘టైమ్ మెషీన్’తో పాటు ‘ఆదిత్య 369’. పట్టికతో పాటు ఒక పేజీ అభిప్రాయం. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా సరే.

పుస్తకాలు మన స్కూల్ లైబ్రరీలో సెలవులకు ముందు తీసుకోవచ్చు. కొనాలనుకుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ఇంగ్లిష్ కథలు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. సినిమా బొమ్మ అట్ట మీద ఉన్న కొన్ని పలుచని పుస్తకాలు అసలు నవలలు కావు, సినిమా కథనే తిరిగి రాసినవి. రచయిత పేరు చూసి తీసుకోండి.

చివరగా, మ్యాథ్స్ టైం పోతుందని బెంగపడే తల్లిదండ్రులకు ఒక మాట. రెండు విషయాలను పక్కపక్కన పెట్టడం, తేడా పట్టుకోవడం, ఆ తేడాకు కారణం వెతకడం, ఆధారం చూపించి మాట్లాడటం – సైన్స్ ల్యాబ్‌లో చేసేది ఇదే, రేపు ఏ పోటీ పరీక్షలో ప్యాసేజ్ ఇచ్చినా చేయాల్సింది ఇదే. దీని వల్ల ఇంట్లో కూడా ఒక మార్పు వస్తుంది. ఏదైనా వీడియోలో “మన పురాణాల్లో ఇలా ఉంది”, “సైన్స్ ఇలా చెప్పింది” అని వినగానే మీ అబ్బాయి వెంటనే నమ్మడు, వెంటనే కొట్టిపారేయడు. “ఎక్కడ ఉంది?” అని అడుగుతాడు. ఆ మాట అడగడం అలవాటైన పిల్లలను మోసం చేయడం కష్టం.

సెలవులు అయ్యాక స్కూల్ తెరిచిన మొదటి వారంలో పట్టికలు ఇంగ్లిష్ టీచర్‌కు ఇవ్వాలి. మార్కులు లేవు. అన్నింటినీ లైబ్రరీ గోడ మీద పెడతాం. పిల్లలతో పాటు మీరు కూడా ఒక గడి నింపి పంపితే మాకు ఇంకా సంతోషం.

మీ కుటుంబానికి బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.

– మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్